గేటుకు అటూ ఇటూ ఒకే డబ్బు

కమలాపండు వాసన నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చిన సాయంత్రాలు, అమెరికాలో, క్యారీ ఊళ్ళోని మా అపార్ట్‌మెంట్ వంటగదిలో కోటు కూడా విప్పకుండా నిలబడి ఒక పండు వలుచుకుంటాను. గోళ్ళలోకి ఆ పులుపు దిగగానే భూటాన్ సరిహద్దులోని ఫుంట్‌షోలింగ్ కళ్ళ ముందుకొస్తుంది.

నాన్న అక్కడ జలవిద్యుత్ ప్రాజెక్టులో స్టోర్స్ చూసేవారు. ఊరి అంచున రంగులేసిన పెద్ద గేటు. ఇవతల భూటాన్, అవతల మన దేశపు జైగావ్. చలికాలం రాగానే కమలాల లారీలు, ఎండుమిరపకాయల ఘాటు, పొరుగింట్లో నా స్నేహితురాలు పేమా వాళ్ళమ్మ మగ్గం చప్పుడు, క్రిస్మస్‌కి మా అమ్మ వండే అరిసెల పాకం వాసన, అన్నీ ఒకే సందులో కలిసిపోయేవి. డబ్బూ అంతే. భూటాన్ వాళ్ళ డ్రాగన్ బొమ్మ నోటూ మన రూపాయల నోటూ ఒకే జేబులో పడుండేవి, రెండింటికీ ఒకటే విలువ. నేనూ పేమా ఏది చేతికొస్తే అది పట్టుకుని గేటు దాటి పల్లీపట్టీలు కొనుక్కొచ్చేవాళ్ళం.

ఒక ఏడాది రూపాయలకు కరువొచ్చింది. బియ్యం నుంచి మేకుల దాకా భూటాన్ కొనేదంతా మన వైపు నుంచే, మన రూపాయలతోనే. వెళ్ళేవే గాని తిరిగొచ్చేవి తక్కువ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, రెండు ప్రభుత్వాలూ ఒకటే అన్న డ్రాగన్ నోటుని, మార్చుకుందామంటే బ్యాంకుల్లో రూపాయలు దొరక్క, జైగావ్ కొట్లవాళ్ళు కాదన్నారు. నాన్న జీతం కొంత రూపాయల్లోనే వచ్చేది కాబట్టి మాకు బాధ లేదు. పేమా వాళ్ళమ్మ దగ్గరున్నవి భూటాన్ నోట్లే, మగ్గానికి కావలసిన నూలేమో జైగావ్‌లోనే దొరికేది.

క్రిస్మస్‌కి ముందు ఆవిడ ఒడిలో కమలాలు పోసుకొచ్చి, తన నోట్లు తీసుకుని రూపాయలిస్తారా అని అడిగింది. అమ్మకి హిందీ రాదు, ఇద్దరి మధ్యా మాటలు మోసేది పదేళ్ళ నేనే. పండక్కి మా ఊరు భీమవరం వెళ్ళే రైలు ప్రయాణానికని అమ్మ బియ్యం డబ్బాలో ఐదొందల నోట్లు దాచిందని నాకు తెలుసు.

"లేవని చెప్పవే," అంది అమ్మ, పిండి చేతులతో, ఇటు చూడకుండా.

చెప్పాను. హిందీలో చాలా చక్కగా చెప్పాను. ఆవిడ నా తల నిమిరి, కమలాలు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. పండగ చేసుకుని మేం తిరిగొచ్చేసరికి మగ్గం విప్పేసి గోడకి చేర్చి ఉంది, ఆవిడ ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. పేమా నాతో గేటు దాటడం మానేసింది. సిగ్గుతో నేనూ పిలవలేదు.

ఆ గేటు దగ్గర ఇప్పుడు గోడ కట్టారట, అటు వెళ్ళాలంటే కార్డు చూపించాలట. ఇక్కడ నా డాలరు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. అదే డాలరు కాలిఫోర్నియాలో అద్దెకే చాలక నన్ను క్యారీకి తరిమింది. ఒకే డబ్బు వాడుకుంటే అందరూ ఒక్కటైపోతారని ఎవరైనా అంటే నాకు విసుగొస్తుంది.

పోయిన వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఆమె బైబిల్లోంచి పాత ఐదొందల నోటొకటి జారిపడింది.

"ఆ డబ్బాలోదేనే. రైలు ఖర్చులు పోను మిగిలింది. రద్దు చేసినప్పుడు మార్చడం మర్చిపోయా. పారెయ్యి, ఎక్కడా చెల్లదు," అంది.

నేను పారెయ్యలేదు. ఆ ఒక్క నోటుతో పేమా వాళ్ళమ్మకి ఆ నెల నేతకు సరిపడా నూలు వచ్చేది.