బస్ స్టాపు దాకా బేరం

ఇవాళ మధ్యాహ్నం మాధవి కౌంటరు మీద స్టీలు క్యారియరు పెట్టి, బియ్యం కోసం లోపలి వరసలోకి వెళ్ళింది. దాన్ని పక్కకు జరపబోతే మూత పక్క అంచున నా బొటనవేలికి గరుకు తగిలింది. నాలుగంగుళాల పొడవున అడ్డదిడ్డంగా గీకేసిన చోటు అది. లోపల పులిహోర ఉందని మూత తీయకుండానే ఇంగువ వాసన చెబుతోంది. ఆ గీతలు గీసింది నేను. వాటి అడుగున ఉన్న పేరు చెక్కిందీ నేనే. ఈ రెండు పనులకీ మధ్య సుభద్ర గారు ఉన్నారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ మీద నా అసూయ మాత్రం రోజూ షట్టరు ఎత్తగానే నాకన్నా ముందు కొట్లోకి వచ్చి కూర్చుంటుంది.

మాది పొన్నూరులో స్టీలు సామాన్ల కొట్టు. నాన్న, ఇద్దరు బాబాయిలు, ఎదురుగా మేనమామ బట్టల కొట్టు. చెప్పిన ధరకు కొనేవాడు అమాయకుడు, అడిగిన ధరకు ఇచ్చేవాడు అంతకన్నా అమాయకుడు అన్న లోకంలో పెరిగాను. గిన్నెల మీద పేర్లు చెక్కడం చిన్నప్పటినుంచీ నా పని. పెళ్ళికిచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ళ ఇంటిపేరు, ఊరు, తేదీ వేయించుకోకుండా ఎవరూ కొట్టు దిగేవారు కాదు. ఇచ్చిందెవరో చెప్పని బిందె మా వీధిలో లేదు. కెనడాలో ఈ హామిల్టన్‌కు వచ్చి ఇండియన్ గ్రోసరీ పెట్టినప్పుడు, ఇది ఉక్కు ఫ్యాక్టరీల ఊరని తెలిసి సగం సొంతూరు వచ్చేసినట్టే సంబరపడ్డాను. చెక్కే మిషను సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. ఇక్కడ దాని అవసరం ఎవరికీ పడలేదు.

మా కొట్టుకు నాలుగు బిల్డింగుల అవతల చిన్న గుడి, దాని బేస్‌మెంటులో హాలు. శనివారం మధ్యాహ్నం ఆ హాల్లో సుభద్ర గారు భోజనం పెట్టేవారు. ఒంగోలు మనిషి, హాస్పిటల్ కిచెన్‌లో పనిచేసి రిటైరయ్యారు. పొట్టిగా, కళ్ళద్దాలు ముక్కు చివరకు జార్చుకుని, మనిషిని కాకుండా మనిషి ఆకలిని చూస్తున్నట్టు చూసేవారు. కాలేజీ పిల్లలు, గోడౌన్లలో పనిచేసేవాళ్ళు, కొత్తగా దిగినవాళ్ళు, ఇంటి దారి మర్చిపోయిన ముసలాయన ఒకరు, ఎవరైనా రావచ్చు. సంతకం లేదు, రిజిస్టరు లేదు. ఆవిడ పేర్లు అడిగేవారు కాదు. వంకాయ ముట్టని అమ్మాయి, మారు పెరుగు అడిగే అబ్బాయి, ఊరగాయ కాగితంలో చుట్టుకెళ్ళే ఆయన, ఇవే ఆవిడకు పేర్లు.

మొదటిసారి మా కొట్టుకు కందిపప్పు కోసం వచ్చారు. నేను అలవాటుగా ఒక ధర చెప్పి, ఆవిడ సగానికి దిగుతారని ఊపిరి బిగబట్టాను. ఆవిడ సరేనని కార్డు తీశారు.

"బేరం ఆడరా అండీ?"

"మీరు ఆలోచించే చెప్పి ఉంటారుగా."

నేను ఆలోచించి చెప్పలేదు. అలవాటుగా చెప్పాను. ఇంకొంచెం ఎక్కువ చెప్పాల్సిందని ఒక పూట, ఎక్కువే చెప్పానని ఇంకో పూట నలిగిపోయాను. మర్నాడు ఒక డబ్బా నెయ్యి ఉచితంగా పంపించి, పంపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. బేరం ఆడే మనిషిని గెలవచ్చు, లేకపోతే ఓడిపోవచ్చు. బేరమే ఆడని మనిషితో ఏం చేయాలో మా కొట్లో ఎవరూ నేర్పలేదు.

అసలు మంట అక్కడ మొదలైంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా కౌంటరు దగ్గర నిలబడేవాళ్ళు కొత్తిమీర కట్ట వాసన చూస్తూ, "ఈ వారం సుభద్ర ఆంటీ ఏం వండుతున్నారు అంకుల్?" అని నన్నే అడిగేవారు. నాతో మాట్లాడేటప్పుడు పర్సు మీద చెయ్యి వేసుకునేవాళ్ళు ఆవిడకు తమ వీసా రెఫ్యూజల్ లెటర్లు చదివి వినిపించేవారట. మా ఆవిడ విజయ కూడా శనివారం అయ్యేసరికి కొంగు బిగించి గరిట పట్టుకుని వెళ్ళిపోయేది.

"అక్కడ ఏముందని అంత పరుగు?" అన్నానొకసారి.

"అక్కడెవరూ నన్ను లెక్కగట్టరు," అంది విజయ. ఇంట్లో ఎవరు లెక్కగడుతున్నారో చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

ఆవిడకన్నా ఒక మెట్టు పైన నిలబడాలని నిశ్చయించుకున్నాను. కొట్టు వాడిని కాబట్టి నాకు తెలిసిన దారిలోనే ఆలోచించాను. మిగిలిన అన్నం జనం ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టుకెళ్తున్నారు. నలభై స్టీలు క్యారియర్లు ఇస్తే? ఒక్కోదాని మీద ఒక్కొక్కరి పేరు చెక్కి ఇస్తే? ఆవిడ ఏళ్ళ తరబడి అడగని పేర్లు నేను నెల రోజుల్లో కౌంటరు దగ్గర రాబట్టాను. ఊరేదమ్మా, ఇంటిపేరేంటి బాబూ అంటే చెప్పని తెలుగువాడుంటాడా? మాధవి కరీంనగర్ వైపు అమ్మాయి. చదువుకోవడానికి వచ్చింది, కాలేజీ ఏదో తేడా చేయడంతో పర్మిట్ పోయింది, వెళ్ళిపొమ్మన్న తేదీ దాటిపోయింది. ఈ సంగతులేవీ అప్పుడు నాకు తెలియవు. "మా ఇంటిపేరు ఎందుకన్నా?" అంది. "బహుమతికమ్మా," అన్నాను. చెప్పింది.

శనివారం క్యారియర్లు ట్రాలీ మీద తోసుకుంటూ హాల్లోకి వెళ్తే నేనే పెళ్ళికొడుకులా ఉన్నాను. సుభద్ర గారు ఒకటి చేతిలోకి తీసుకుని మూత అంచున చెక్కిన పేరును వేలితో తడిమారు.

"మంచి గేజు, మందంగా ఉంది, ప్రసాద్ గారూ. పేర్లెందుకు వేశారు?"

"ఒకరిది ఒకరికి మారిపోకుండా."

"మారిపోతే ఏమవుతుంది?"

నవ్వి ఇంకో క్యారియరు అందించాను. ఆవిడ అది అందుకుని, "పేరు అడిగితే దాని వెనకాలే రెండో ప్రశ్న వస్తుందండీ. అందుకని నేను మొదటిదే అడగను," అని, ఎవరికీ పంచకుండా గోడ అలమరలో పెట్టించారు. క్యారియర్లన్నీ పేర్లు గోడవైపుకు తిరిగి ఉన్నాయి. ఓహో, నా పేరు వినపడుతుందని ఆవిడకు కుళ్ళు అనుకున్నాను. అంతవరకూ ఆ కుళ్ళు నా ఒక్కడిదే కాబట్టి, పంచుకునేవాళ్ళు దొరికారని ఊరట కూడా కలిగింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే నలభై క్యారియర్లూ పేర్లు కనిపించేలా ఇవతలికి తిప్పాను.

మూడు వారాల తర్వాత, పప్పు వడ్డిస్తున్న సమయంలో కాగితాలు లేనివాళ్ళను పట్టుకెళ్ళే బోర్డర్ ఆఫీసర్లు ఇద్దరు మెట్లు దిగి వచ్చారు. నల్ల జాకెట్లు, మర్యాదైన ముఖాలు. ఒకాయన చేతిలో ఫోను, ఫోనులో మాధవి ఫొటో. ఆమె ఆ రోజు ఇంకా రాలేదు. హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. గరిటతోనే సుభద్ర గారు మెట్ల దగ్గరకు వెళ్ళి, హాస్పిటల్ కిచెన్‌లో నేర్చుకున్న ఇంగ్లీషులో, భోజనానికి వచ్చారా అని అడిగారు. కాదు, ఒక వ్యక్తి కోసం వచ్చామన్నారు. "భోజనానికైతే చెప్పులు విప్పి కూర్చోండి, వడ్డిస్తాను. మనుషుల కోసమైతే నా దగ్గర పేర్లు లేవు. నేను అడగను, రాయను," అన్నారు.

ఆ మాట ఆవిడ నోటి నుంచి నిజమే. ఆవిడ వెనక పది అడుగుల దూరంలో, ట్యూబ్‌లైటు కింద మెరుస్తూ, నలభై పేర్లు ఇంటిపేర్లతో సహా వరసగా ఉన్నాయి. పై అరలో, సరిగ్గా కళ్ళ ఎత్తున, మాధవిది. మూతల అంచున తెలుగులో చెక్కి ఊరుకున్నా బాగుండేది. పిల్లలకు చదవడం రాదేమోనని ఇంగ్లీషులో చెక్కాను, పెద్ద అక్షరాల్లో.

నేను వెళ్ళి ఆ అలమరకు వీపు ఆనించి, చేతులు చాపి నిలబడ్డాను. కింది రెండు అరలను నా కాళ్ళు, నడుము దాచాయి. పై అర కోసం మునివేళ్ళ మీద లేచాను. ఇన్నేళ్ళుగా డాక్టరు తగ్గించమంటున్న నా ఒళ్ళు ఒక మంచి పనికి వచ్చింది ఆ పది నిమిషాలే. చెమట వీపు మీదుగా కారుతోంది. ఆఫీసరు నన్ను చూసి బాగానే ఉన్నారా అని అడిగాడు. నడుం నొప్పి అన్నాను.

లోపలికి రావడానికి జడ్జి సంతకంతో కాగితం ఉందా అని సుభద్ర గారు అడిగారు. ఆ బిల్డింగుకు లేదన్నారు. థాంక్స్ చెప్పి పైకి వెళ్ళారు. వెళ్ళి, పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. మాధవి బస్సు దిగి, దూరం నుంచే ఆ కారును చూసి, రోడ్డు దాటి ఎదుటి బస్సెక్కి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

మరుసటి శనివారం అరవై మంది తినే హాల్లో తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు వడ్డించేవాళ్ళు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాళ్ళు కూడా రాలేదు. సుభద్ర గారు ఫోను చేస్తే మాధవి గొంతు నాకూ వినిపించింది. "నేను రాను మేడం. ఆడ నా పేరున్నది గద. బయట కారున్నది. పని చేసే కాడ ఏదో ఒకటి తింట, నా గురించి పరేషాన్ గాకండ్రి." ఆ పని చేసే చోట ఏం పెడతారో మాకు తెలుసు. అప్పటికి ఆమెకు మూడో నెల.

తిట్టేస్తారని సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ గిన్నెలు సర్దుకుంటుంటే నేనే అడిగాను. "నన్నేం అనరా?"

"అనడానికి తీరికేదీ? సాంబారంతా మిగిలిపోయింది. మీ కొట్టుకొచ్చేవాళ్ళకు పోసివ్వండి."

సోమవారం కొట్టు వెనక గదిలో మిషను తీసి నలభై పేర్లనూ గీకేశాను. చెక్కడానికి నెల పట్టినవి చెరపడానికి ఒక్క పూట పట్టింది. ఒక్కో పేరునూ పోనిచ్చేటప్పుడు దాన్ని ఎంత తెలివిగా రాబట్టానో గుర్తొచ్చేది.

తర్వాతి నెలల్లో ఆవిడ పక్క వీధి చర్చి వాళ్ళను, మసీదు వాళ్ళను, ఆడవాళ్ళ షెల్టరు నడిపే ఆవిడను కూడగట్టి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. అన్నం పెట్టే చోట, ప్రార్థన చేసే చోట, వైద్యం చేసే చోట మనుషుల్ని పట్టుకోవద్దన్నది ఒక్కటే కోరిక. చివరకు ఆ బోర్డర్ ఆఫీసు నుంచి ఒకావిడ, సిటీ నుంచి ఒకాయన మాట్లాడటానికి మా హాలుకే వస్తామన్నారు. ముందు రోజు సుభద్ర గారు మా కొట్టుకు వచ్చారు.

"రేపు మీరు నా పక్కన కూర్చోవాలి, ప్రసాద్ గారూ. నాకు బేరం రాదు."

జీవితంలో నాకు దక్కిన అతి పెద్ద మెడల్ అది. "ఏం అడుగుదామనుకుంటున్నారు?" అన్నాను దర్జాగా.

"తలుపు లోపలికి రావద్దంటే చాలుగా."

"తలుపు అడిగితే మెట్ల మీద నిలబడతారు. బస్ స్టాపు దాకా అడగండి."

"బస్ స్టాపు వాళ్ళు ఇవ్వరు కదా."

"ఇవ్వరు. పార్కింగ్ లాట్ దగ్గర ఆగుతారు."

అలాగే జరిగింది. బస్ స్టాపు అనగానే ఆ ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టేసింది. అది పబ్లిక్ రోడ్డు, కుదరదంది. నేను బాధపడినట్టు ముఖం పెట్టి, ఫుట్‌పాత్ అన్నాను, గేటు అన్నాను, శనివారం మాత్రమే అన్నాను, లేచి వెళ్ళిపోతున్నట్టు కుర్చీ కూడా జరిపాను. పార్కింగ్ లాట్ దగ్గరకు వచ్చేసరికి ఇద్దరం చెమటలు కక్కుతున్నాం. అక్కడ ఆఫీసరమ్మ బిగుసుకుపోయింది. అప్పుడు సుభద్ర గారు, నన్ను అడగకుండా, ఎదురు ఏమీ కోరకుండా ఒక మాటన్నారు. "ఇంకొకరికి హాని చేసే మనిషి ఇక్కడున్నాడని మీరు చెబితే, తలుపు నేనే తీస్తాను. ఆ మాటకు మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు."

టేబుల్ కింద నా కాలితో ఆవిడ కాలు తొక్కబోయాను. చేతిలో ఉన్న ఒకే ఒక్క సరుకును ఉట్టినే ఇచ్చేస్తారా ఎవరైనా? ఆ ఆఫీసరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత పెన్ను తీసింది. బిల్డింగు, పార్కింగ్ లాట్ రెండూ కాగితం మీదకు వచ్చాయి. జడ్జి ఉత్తర్వు ఉంటే, ప్రాణాపాయం ఉంటే తప్ప రామని, కార్లలో కాపు కాయమని రాసి సంతకం చేశారు. గంటన్నర నేను పడ్డ పాట్లతో రానిది ఆ ఒక్క మాటతో వచ్చింది. హాలంతా ఆవిడ చుట్టూ మూగింది. నేను కుర్చీలు మడతపెట్టాను, ఒక్కొక్కటీ కాస్త గట్టిగానే.

కానీ పార్కింగ్ లాట్ నుంచి బస్ స్టాపు దాకా నూరు అడుగులు మాకు దక్కలేదు. మాధవి వచ్చేది బస్సులోనే. ఆ శనివారం నేను కొట్టు కట్టి వచ్చేసరికి సుభద్ర గారు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని బస్ స్టాపులో నిలబడి ఉన్నారు. బస్సు దిగిన ఒక్కొక్కరినీ మాటల్లో పెట్టి నడిపించుకుంటూ తెస్తున్నారు. మళ్ళీ వెనక్కి వెళ్తున్నారు.

"ఎవరైనా వచ్చి అడిగితే మీరేం చేయగలరండీ ఇక్కడ?" అన్నాను.

"ఏమీ చేయలేను. పక్కన నడుస్తాను."

ఆరో వారం మాధవి దిగింది. చలికోటు ముందుకు బొత్తాలు పట్టడం లేదు. సుభద్ర గారు పేరు పెట్టి పిలవలేదు, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడగలేదు. "ఇవాళ వంకాయ లేదులే, రా," అన్నారు. వంకాయ ముట్టని అమ్మాయి ఆమేనని నాకు అప్పుడు తెలిసింది. ఇంటిపేరు, ఊరు, జిల్లా అన్నీ రాబట్టిన నాకు ఆ సంగతి తెలియదు. ఆ అసూయతోనే వాళ్ళకన్నా ముందు నడిచి వెళ్ళి హాలు తలుపు తీసి పట్టుకున్నాను.

పోయిన చలికాలానికి ముందటి చలికాలంలో సుభద్ర గారు వెళ్ళిపోయారు. వంట విజయ చూసుకుంటోంది, నాకన్నా పెద్ద గొంతుతో. మాధవి పాపకు ఇప్పుడు మాటలు వస్తున్నాయి. ఆమె కాగితాల సంగతి ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలియదు, అడగలేదు. ఇందాక బియ్యం బస్తాకు నేను చెప్పిన ధరకు ఆమె మొహం చిట్లించి సగానికి అడిగింది. ముచ్చటేసి ఇచ్చేశాను. క్యారియరు నావైపు జరిపి, "ఇది మీకేనన్నా, రేపటిదాకా పాడుగాదు," అంది.

రేపు శనివారం. పదకొండున్నరకు కొట్టు కట్టి, రెండు స్వెట్టర్లు వేసుకుని బస్ స్టాపుకు వెళ్తాను. బస్సు దిగినవాళ్ళ పేరు, ఊరు, ఇంటిపేరు నాలుక చివరి దాకా వస్తాయి, మింగేసి వాతావరణం గురించి మాట్లాడతాను. నూరు అడుగులు పక్కన నడుస్తాను. ప్రతి వారం కనీసం ఒకరైనా నన్ను పైనుంచి కిందకు చూసి, "సుభద్ర ఆంటీ రాలేదా అంకుల్?" అని అడుగుతారు. లేరమ్మా, నేనే ఉన్నాను అంటాను. వాళ్ళ ముఖంలో ఆ చిన్న నిరాశ కనిపిస్తుంది. కడుపు మండుతుంది. ఆ మంటతోనే తర్వాతి బస్సు కోసం వెనక్కి వెళ్తాను.