మార్కులు చాలని మనిషి

మొన్న మా వీధికి సర్వేకొచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి, బీపీ ఉందా, చక్కెర ఉందా, పొగాకు నములుతారా అని ఫోనులో చూసి అడుగుతూ, నేను నోరు తెరిచేలోపే టిక్కులు కొట్టుకుంటూ పోతుంటే, కోపం రావలసింది పోయి నాకు నవ్వొచ్చింది. ఎదుటివాళ్ళ బతుకును ప్రశ్నల్లో ఇరికించే ఉద్యోగం నేనూ వెలగబెట్టినదాన్నే కదా.

ఆదోనిలో హెచ్.ఐ.వి. సోకకుండా చూసే ఒక చిన్న సంస్థలో కౌన్సిలరుగా చేరిన కొత్తలో సంగతి. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ జబ్బు పేరెత్తితే మనుషులు గొంతు తగ్గించి అటూ ఇటూ చూసిన రోజులవి. పరీక్ష ఎవరికైనా చేసేవాళ్ళం కానీ, ప్రమాదం అంచున ఉన్నవాళ్ళకు ఒక మనిషిని తోడిచ్చి, వేళకు పరీక్షలు చేయించి, ఇంటివాళ్ళతో మాట్లాడి, ఏడాదిపాటు కనిపెట్టుకుని ఉండే సేవ మాత్రం ఇరవైమందికే. ఆ ఇరవైమంది ఎవరో తేల్చడం నా వంతు. దానికో ఫారం, ప్రశ్నకిన్ని మార్కులు; ఆరొస్తే లోపలికి, రాకపోతే చేతిలో ఒక కరపత్రం. అసలే నాది కూపీలు లాగే బుద్ధని మా అమ్మ వెక్కిరించేది, ఆ ఉద్యోగం నాకు పండగలా ఉండేది.

ఎమ్మిగనూరు నుంచి ఒక నేతపనావిడ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ సున్నాయే. ఒక్కడే మొగుడు, మందు ముట్టదు, పనికని ఊరు దాటదు. మగ్గం దిగితే పూట గడవని మనిషి బస్సెక్కి ఇంతదూరం ఎందుకొస్తోందో తెలుసుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు. చేతులు ఆడుతుంటేనే ఆ ఇళ్ళలో నోళ్ళు విచ్చుకుంటాయని విని, ఒకరోజు నేనే వెళ్ళి ఆమె గుంటమగ్గం పక్కన చతికిలబడ్డాను. నూలు చుట్టిన నాడె పోగుల మధ్య అటూ ఇటూ పరుగెడుతుంటే, నా మొహం చూడకుండానే చెప్పింది.

"మీ కాయితంలో అన్నీ నా గురించే అడుగుతాండారు కదక్కా. ఆయప్ప పత్తి లారీ మీద పోతే నెలకొకతూరి ఇంటికొస్తాడు. యాడ పండుకుంటాడో, ఎవురితో ఉంటాడో నాకేమెరుక? పరీక్షకు రమ్మంటే కొట్టనీకి వస్తాడు. ఆ సంగతి ఒక్కతూరన్నా అడిగినారా?"

నాకు సిగ్గేసింది. అంత కుతూహలం ఉన్నదాన్ని, ఫారంలో భర్త గురించి ఒక్క ప్రశ్న కూడా లేదన్న సంగతి అప్పటిదాకా గమనించనేలేదు. మా పెద్దసారును అడిగితే, అది పైనుంచి వచ్చిన కాగితం, మనం మార్చకూడదన్నాడు. అప్పటికి ఇరవైలో మిగిలింది ఒక్క చోటు. ఆరు మార్కులూ ఒకేసారి వచ్చే ప్రశ్న ఒకటుంది. ఏడాదిలో ఎంతమందితో సంబంధం అన్నది, ముగ్గురికి మించాలి. రెండు రోజులు తన్నుకులాడి, చివరికి మళ్ళీ ఎమ్మిగనూరు వెళ్ళి, ముగ్గురికి మించి ఉన్నారని రాస్తేనే చోటు దక్కుతుందని ఉన్నమాట ఆమెకే చెప్పాను. చీపురు తిరగేస్తుందనుకున్నాను. ఆమె నాడె ఆపి, మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"ఏమన్నా రాసుకోక్కా. నా బిడ్డకు నేను ఉండల్ల."

నలుగురు అని రాశాను. కింద ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

మా మనిషి ఆ ఇంటికి తిరగ్గా తిరగ్గా ఎట్టకేలకు మొగుడు పరీక్షకొచ్చాడు. అతనికి జబ్బుంది. ఆమెకు లేదు, తర్వాతా రాలేదు. కొన్నాళ్ళకు కొత్త ఫారాలొచ్చాయి, భర్త గురించిన ప్రశ్న మొట్టమొదటే ఉంది.

ఇప్పుడు మంచి మందులొచ్చాయి, మనుషులూ మునుపటంత ఝడుసుకోవడం లేదు, ఎంత మారిందో అని సంతోషిస్తాను. కానీ ఏ బీరువాలోనో ఒక కాగితం ఉండే ఉంటుంది. మొగుడు తప్ప మరో మగవాణ్ణి ఎరగని ఆ ఇల్లాలికి అందులో నలుగురున్నారు. రాత నాది, కింద సంతకం ఆమెది.