మెట్ల కింద కుర్చీ

మా పెద్దసారు మంగళవారం పొద్దున వనపర్తిలో, కూతురి ఇంట్లో పోయారు. ఫోను రెండు ముక్కల్లో ముగిసింది. ఆయన ఉత్తరాలు కూడా అంత పొడుగే ఉండేవి కాబట్టి నాకు వింతగా తోచలేదు. గద్వాల బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాక గాని, ఇక నా కాగితాలు దిద్దేవారు లేరన్న సంగతి తలకెక్కలేదు.

ఆయన గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీ గోడౌనులో హెడ్ గుమాస్తా. నేను ఆయన చేతి కింద ఆరేళ్లు పనిచేశాను. ఎవరి గురించైనా మంచి మనిషి అని రాస్తే కొట్టేసేవారు. "ఏం చేసిండో రాయి. మంచోడో కాదో చదివెటోడు చూసుకుంటడు" అనేవారు. అందుకని ఆయన చేసిందే రాస్తాను.

ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండేది. ఎవరి కాగితమైనా వారి ఎదుట మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించనిదే సంతకం పెట్టించేవారు కాదు. అది సెలవు చీటీ అయినా సరే, వాకిట్లో లారీ డ్రైవరు హారను మోగిస్తున్నా సరే. పురాణం మొదలైందిరా అని మేం చాటున నవ్వుకునేవాళ్లం. ఆయనకు వినపడేది కూడా. "కాయిదానికి కండ్లుండయ్. మనకున్నయ్ గద" అని మళ్లీ చదవడంలో పడేవారు.

ఒక ఏడు కంపెనీవాళ్లు పనివాళ్లందరికీ ఆరోగ్య బీమా కార్డులు ఇస్తామన్నారు. పనివాడితో పాటు భార్యాపిల్లలకూ వర్తిస్తుంది. ముందునుంచి ఉన్న జబ్బులకూ ఇస్తారు. ఫారాలు నింపే పని నాకు పడింది. కాటా దగ్గర పనిచేసే ఈరన్నను పెళ్లి రుజువు అడిగితే లేదన్నాడు. రుజువు లేని చోట కొట్టేయమని పై ఆఫీసు చెప్పింది. నేను భార్య పేరు దగ్గర గీత కొట్టి 'ఒంటరి' అని రాశాను. నా మటుకు నాకు అందులో తప్పేమీ కనపడలేదు.

పెద్దసారు అలవాటు ప్రకారం పైకి చదివారు. "ఈరన్న. ఒంటరి."

"ఒంటరేంది సారూ, ఇంట్ల నలుగురం ఉన్నం" అన్నాడు ఈరన్న.

పెద్దసారు కలానికి మూత పెట్టారు.

నర్సమ్మ మొగుడు పోయి ఇద్దరు ఆడపిల్లలతో మల్దకల్ దగ్గరి పల్లెలో ఉంటున్నప్పుడు ఈరన్న ఆమెకు చీర పెట్టాడు. మా వైపు దాన్ని మారుమనువు అంటారు. మేళం, పత్రిక, ఫోటో ఏవీ ఉండవు. అయిదుగురు పెద్దమనుషులు కూర్చుంటారు, ఆమె ఆ చీర కట్టుకుని అతని ఇంటికి వస్తుంది. ఊరికి అది చాలు గాని ఫారానికి చాలలేదు. చిన్నపిల్లకేమో గుండెలో రంధ్రం. ఆపరేషన్ చేయకపోతే దక్కదని డాక్టర్లు చెప్పి ఏడాది కావస్తోంది.

మర్నాడు నర్సమ్మ ఆ పిల్లను తీసుకుని వచ్చింది. మా ఆఫీసుకు ఏడు మెట్లు. పిల్ల మూడో మెట్టు మీదనే కూలబడింది, పెదవులు నీలంగా మారాయి. పెద్దసారు తన కుర్చీ తానే మోసుకుని దిగి, పిల్లను అందులో కూర్చోబెట్టి, గొడుగు విప్పి నర్సమ్మ చేతికిచ్చారు. తాను ఎండలో నిలబడి ఫారం చదివారు.

నేనొక తెలివైన సలహా ఇచ్చాను. పిల్లల తండ్రి పేరు దగ్గర ఈరన్న అని రాసేస్తే సరిపోతుంది కదా అని. "గట్లనే రాయుండ్రి సారూ, నాకేం ఫికర్ లేదు" అన్నాడు ఈరన్న.

పెద్దసారు నర్సమ్మ వైపు తిరిగారు. "సచ్చిపోయినాయన పేరు మీద ఏమన్న ఉన్నదా అమ్మా?"

"రెండెకరాల చెల్క ఉన్నది సారూ. మా మరిది దున్నుతుండు. పోరిలు పెద్దగైనంక ఇస్త అన్నడు."

"రేపు ఆయన ఈ కాయిదం పట్టుకొచ్చి, వీళ్లు మా అన్న పిల్లలే కారంటే ఏం జేస్తవ్? దవాఖాన కోసరం తండ్రిని మారిస్తే చెల్క పోతది. రెండూ వీళ్లయే."

ఫారం అడుగున ఖాళీ జాగాలో స్కేలు పెట్టి ఆయనే ఒక గడి గీశారు. 'మారుమనువు భార్య నర్సమ్మ, ఆమె మొదటి భర్త పిల్లలు ఇద్దరు, ఈరన్న ఇంట ఒక్క పొయ్యి మీద వండుకుని తింటున్నారు' అని రాశారు. ఆదివారం మేమిద్దరం బస్సెక్కి ఆ పల్లెకు పోయాం. ఆనాడు కూర్చున్న అయిదుగురిలో నలుగురు బతికున్నారు. వేలిముద్ర వేసే ముందు ఒక్కొక్కరికీ కాగితమంతా చదివారు.

"మాకు తెల్వనిదా సారూ, కూసున్నదే మేము గద" అని ఒక ముసలాయన విసుక్కున్నాడు.

"తెలుసు పెద్దయ్యా. అయినా ఇనాలె."

ఇలాంటి గడి మా ఫారంలో లేదని హైదరాబాదు ఆఫీసు తిప్పి పంపింది. ఆయన మళ్లీ పంపారు, మళ్లీ తిరిగొచ్చింది. తండ్రి పేరు మారిస్తే వారంలో కార్డు వస్తుందని నేను ఇంకోసారి అన్నాను.  ఆయన మూడోసారి ఫారం తీసుకుని తానే హైదరాబాదు పోయారు. అక్కడి మేనేజరు ఎదుట కూడా కాగితమంతా పైకి చదివారట. ఏమన్నాడు సారూ అని అడిగితే, "ఇన్నడు. మనిషే గద" అన్నారు. నెల తిరిగేసరికి నలుగురి పేర్లతో కార్డు వచ్చింది. ఆపరేషన్ అయింది.

చాలా రోజుల తర్వాత, వక్క నములుతూ ఒక మాట అన్నారు. "ఆ నెలంత నాకు నిద్ర లేదు. పోరికి ఏమన్న అయితే నా గడి వల్లనే అయితుండె." అలాంటి భయం ఆయనకుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. అంతకుముందు నాకు ఆయనంటే జంకు మాత్రమే ఉండేది. ఇష్టం మొదలైంది ఆ రోజే.

నేను వనపర్తి చేరేసరికి ఈరన్న, నర్సమ్మ, పిల్లలు వాకిట్లో కూర్చుని ఉన్నారు. పాడె లేపే ముందు ఆయన కూతురు గుర్తు చేసుకుంది. "నాయన చంకల పెట్టుకునే ఛత్రి మిద్దె మీదనే ఉన్నది. ఎవరన్న తెండ్రి, తోడు పంపిద్దాం."

మగవాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే చిన్నపిల్ల లేచింది. నర్సమ్మ అలవాటు కొద్దీ "మెల్లగ బిడ్డా, మెల్లగ" అంటూనే ఉంది. ఆ పిల్ల రెండేసి మెట్లు ఎక్కుతూ అప్పటికే పైకి పోయింది.