తిరిగి తట్టే గని

నేను చెప్పే ప్రతి కొలతనూ సగానికి తగ్గించి చదువుకోవాలని ముందే మనవి. కెనడాలో, ఏజాక్స్ ఊళ్ళోని మా ఇంటికి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కొత్త పాఠకులకు మాత్రం అన్యాయం ఎందుకు?

ఆరేళ్ళ కిందట, సెప్టెంబరు మొదట్లో, ఉత్తర ఒంటారియోలోని ఒక పాత వెండి గనిని తనిఖీ చేయమని నన్ను పంపారు. అప్పుడు నా హోదా సీనియర్ గ్రౌండ్ కంట్రోల్ ఇంజనీరు. అంటే, గని పైకప్పు మనుషుల నెత్తిన పడుతుందా పడదా అని చెప్పేవాడు. తర్వాత ముందస్తుగా రిటైరయ్యాను గానీ, ఆ రోజుల్లో నా సంతకం లేనిదే ఆ చుట్టుపక్కల గబ్బిలం కూడా తలకిందులుగా వేలాడేది కాదు.

తవ్వకం ఎప్పుడో ఆగిపోయిన ఆ గనిని యాత్రికులకు చూపిస్తున్నది గ్వాదలూపే. అందరికీ లూపే. ఆవిడ పుట్టింది మెక్సికోలోని గ్వానహ్వాతోలో. వెండి తవ్వుకుని బతికిన ఊరు అది. వీధుల కింద సొరంగాల్లో కార్లు తిరుగుతాయి. మ్యూజియంలో ఎండిన శవాలు అద్దాల వెనక నోళ్ళు తెరుచుకుని ఉంటాయి.

“మా ఊళ్ళో చచ్చినవాళ్ళను చూడడానికి క్యూ కడతారు. ఇక్కడ నా దగ్గరున్నది ఒక్క చప్పుడే,” అంది లూపే.

సొరంగం చివర, తవ్వి వదిలేసిన పాత గ్యాలరీకి అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి. అక్కడ నిలబడి ఇనుప కడ్డీతో కప్పును తడితే, చెక్కల అవతలినుంచి ఎవరో తిరిగి తడతారు. ఎక్కడో దక్షిణపు కొసనున్న విండ్సర్‌నుంచి కూడా జనం బస్సుల్లో వచ్చేది అందుకే. నేను సంతకం పెట్టకపోతే ఆ వారమే గనికి తాళం పడుతుంది. నాలుగేళ్ళుగా ఆవిడ ఒంటిచేత్తో నిలబెట్టుకున్న పని పోతుంది.

లోపల చలికి నా నీడ కూడా జాకెట్ వేసుకుంది. నేను మూడుసార్లు తట్టాను. కాస్త ఆగి, అవతలినుంచి మూడు దెబ్బలు వినిపించాయి. ఐదు కొడితే ఐదు.

నాతో వచ్చిన సర్వేయరు యాదగిరిది నల్లగొండ. “సార్, లెక్క తప్పుతలేదు. నాకన్నా మంచిగ లెక్కపెడుతున్నది,” అన్నాడు. అంటూనే నా వెనక్కి జరిగాడు.

కప్పును పరీక్షించే పద్ధతి సులువే. కడ్డీతో తడితే గట్టిరాయి గంటలా మోగుతుంది, వదులురాయి డొల్లగా పలుకుతుంది. ఇక్కడివాళ్ళు చెవితో తేల్చేస్తారు. నేను పని నేర్చుకున్న కొత్తగూడెం బొగ్గు గనుల్లో మాత్రం కుడిచేత్తో తడుతూ ఎడమ అరచెయ్యి కప్పుకు ఆనించాలి. ఆ పాత అలవాటుకొద్దీ, రాయి ఊడకుండా బోల్టులు బిగించిన కప్పు కిందే నిలబడి, చెయ్యి చాచి బోల్టులు లేని అవతలి రాతికి ఆనించాను. ఈసారి తట్టగానే రాయి నా అరచేతికింద కదిలింది. నిద్రలో ఉన్న జంతువు పక్కకు ఒత్తిగిల్లినట్టు.

దయ్యం సంగతి తేలిపోయింది. కప్పునుంచి ఒక పలక ఊడి, చెక్కల అవతల ఒక పాత దుంగమీద ఆగి ఉంది. ఈ కొసన తడితే ఆ కొస దుంగను కొడుతోంది. ఇన్నాళ్ళూ యాత్రికులు తమ నెత్తిమీది రాయిని తామే ఊపుకుంటూ ఫోటోలు దిగారన్నమాట.

లూపే ముఖం పాలిపోయింది. “పిల్లలచేత కూడా కొట్టించాను,” అంది.

మర్నాడు పొడవాటి గునపాలతో, దూరంనుంచే ఆ పలకను పడగొట్టాం. ఏనుగంత ఉంది. యాదగిరి కొలతల ప్రకారం దున్నపోతంత. దుంగ కూడా దానికింద నుగ్గయింది. కప్పంతా మళ్ళీ పరీక్షించాను. గంటలా మోగింది, అరచేతికింద ఎక్కడా కదలిక లేదు. చివరికి లూపే కడ్డీ తీసుకుని మూడుసార్లు తట్టింది. అవతలినుంచి ఏ చప్పుడూ రాలేదు.

“సంతకం పెట్టుండ్రి సార్, బయటికి పోదాం,” అన్నాడు యాదగిరి.

‘కప్పు దృఢంగా ఉన్నది’ అని రాసి సంతకం పెట్టాను. గని నడుస్తోంది. లూపే ఇప్పుడు పడిన పలకను చూపిస్తుంది. కడ్డీ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వదు.

తనిఖీకి వెళ్ళినవాడు చేతికి తెలిసినదే రాయాలని అక్కడ నేర్చుకున్నాను. చెవికి వినిపించినదానికి ఫారంలో గడి లేదు.

ఇక నేను కల్పించిన భాగం. గబ్బిలం, నీడ, ఏనుగు ఉత్త అలంకారాలు. వాటిని లెక్కలోకి తీసుకోను. ఇందులో అబద్ధం ఒక్కటే: పలక పడ్డాక అవతలినుంచి ఏ చప్పుడూ రాలేదని రాశాను.