లండన్‌లో గూకని పొద్దు

ఉలిగెమ్మ శనివారం ఒక్కపొద్దు సంగతి ఇడపనూరులో తెలియనివాళ్ళు లేరు. పొద్దు గూకి, ఇంట్లో దీపం పెట్టాకే ఆమె నోట్లో ముద్ద పడేది. కడుపున పుట్టిన ఇద్దరు దక్కలేదు. మూడోసారి రశ్మి పుట్టినప్పుడు, ఈ బిడ్డను నిలిపితే శనివారాలు ఒక్కపొద్దు ఉంటానని తిరుపతి తిమ్మప్పకు మొక్కుకుంది. రశ్మికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. పత్తి చేలో కళ్ళు తిరిగి కూలబడ్డ రోజున కూడా ఆ తల్లి మొక్కు తప్పలేదు. తప్పితే బిడ్డకేమవుతుందోనని ఆమె భయం.

పసిబిడ్డలకు నూనె రాసి నీళ్ళు పోయడంలో ఉలిగెమ్మది మంచి చెయ్యి. అందుకే రాయచూరు కృష్ణాబాయి, లండన్‌లో కాన్పైన తన కూతురు కావేరి దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరింది. టికెట్లు చవగ్గా దొరికాయని శనివారానికి తీసుకున్నారు. ఉలిగెమ్మ మొక్కు ఎవరికి గుర్తుంటుంది?

హైదరాబాదులో పొద్దున ఎక్కిన విమానం పది గంటలకు పైగా ఎగిరింది. ఏడున్నర వేల కిలోమీటర్లు దాటినా కిటికీలో ఎండ తగ్గలేదు. పళ్ళెం తెచ్చిన ప్రతిసారీ ఆమె వద్దని చెయ్యి ఊపింది. దిగేసరికి ఇడపనూరులో సాయంత్రం, లండన్‌లో మధ్యాహ్నం.

కావేరి ఇంట్లో అందరూ తినమని ఆమె మీద పడ్డారు. అల్లుడు వాదిరాజ్ ఫోన్ తీసి వివరించాడు. ఇక్కడి గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక, ఈ కాలంలో రాత్రి తొమ్మిది దాటితేగాని పొద్దు గూకదు, మన ఊళ్ళో ఎప్పుడో గూకింది, కాబట్టి తినొచ్చు అన్నాడు. కృష్ణాబాయి గదమాయించింది, బతిమాలింది, నువ్వు పడిపోతే పసిదాన్ని ఎవరు చూస్తారంది.

ఉలిగెమ్మకు ఒళ్ళు మండింది. కడుపులో పేగులు అరుస్తున్నా మెత్తబడలేదు.

"పొద్దు ఎదురుంగ కనబడుతుంటే గూకిందని ఎట్ల తినాలక్కా? నేను గడియారానికి మొక్కలే."

వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది. సూర్యుడిది ఎంత మొండితనమో ఆమెదీ అంతే.

అప్పుడే ఇడపనూరు నుంచి రశ్మి వీడియో కాల్ చేసింది. అక్కడ బాగా రాత్రయింది. తిన్నావా అని అడిగింది. ఇంకా లేదంది తల్లి.

"నేను గూడ తినలే. పొద్దుగాల్నుంచి నీతోపాటే ఒక్కపొద్దున్న. నువ్వు తిన్నంకనే తింట."

ఉలిగెమ్మ తిట్టింది, ఒట్లు పెట్టింది. పిల్ల వినలేదు. ఎలా వింటుంది, ఆ తల్లి కడుపున పుట్టిందే కదా! ఉలిగెమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. ఏ ప్రాణం కోసం ఇన్నేళ్ళు కడుపు మాడ్చుకుందో ఆ ప్రాణమే ఆకలితో కూర్చుంటే, ఇక మొక్కు ఎవరి కోసం?

దీపం చూపించమంది. ఫోన్‌లో గూట్లో దీపం వెలుగుతూ కనిపించింది, దాని కింద మూత తీయని అన్నం గిన్నె. ఉలిగెమ్మ దీపానికి దండం పెట్టుకుని, రెండు రొట్టెలు పెట్టమంది.

నేను చెప్పింది కూడా ఇదే కదా అని కృష్ణాబాయి నవ్వింది.

"నీ మాటకు కాదక్కా," అంది ఉలిగెమ్మ. "నా బిడ్డ ఉపాసముంటే నేను ఏ పొద్దు కోసమూ ఆగ. పొద్దు సూస్తే సూడనీ."

కిటికీకి తెర వేయబోయిన కావేరిని వద్దంది. మొహాన ఎండ పడుతుండగా పళ్ళెం ముందు పెట్టుకుంది. ఫోన్‌లో రశ్మి నోట్లో ముద్ద పడ్డాకే తన చేతిలోని రొట్టె తుంచింది.