నడుం నొప్పి పేరు మీద పూల్ ఆట

మా బావకు ఆటలంటే ఎన్నడూ గౌరవం లేదు. వర్ధన్నపేటలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఆయనది. దుకాణం ముందు నిలబడి ఫోన్‌లో క్రికెట్ చూసేవాళ్ళను "పనిలేనోళ్ళు" అని తీసిపారేసేవాడు. అలాంటి మనిషి పూల్ బల్ల మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, బంతి వైపు గురి చూసే స్థితికి వచ్చాడు. దానికి కారణం మా అక్క.

నేను మడికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాను. గది హన్మకొండలో. ఒక ఆదివారం అక్కాబావలు వస్తే మధ్యాహ్నం బిర్యానీకి తీసుకెళ్ళాను. హోటల్‌లో చోటు లేదు, కాసేపు ఆగమన్నారు. కింది అంతస్తులో పూల్ పార్లర్ ఉంది. సాయంత్రం పూట నేను ఆడేది అక్కడే. మెట్ల మీద నిలబడేకన్నా నయమని ముగ్గురం అందులోకి దూరాం.

బావ చొక్కా చేతులు మడిచాడు. "డిగ్రీల ఉన్నప్పుడు ఆడిన నేను. ఇదేమంత కష్టంగాదు" అని అక్కకు నేర్పడం మొదలుపెట్టాడు. కర్ర ఎలా పట్టుకోవాలో, తెల్ల బంతితో కొట్టి మన బంతుల్ని గుంతల్లోకి ఎలా పంపాలో, అవన్నీ అయ్యాకే నల్ల బంతి జోలికి ఎందుకు పోవాలో చాలాసేపు చెప్పాడు. అక్క కొంగు నడుముకు దోపుకుని బుద్ధిగా విన్నది. చిన్నప్పుడు మా వాడలో క్యారమ్ బోర్డు దగ్గర ఆమెను ఓడించినవాడు లేడన్న సంగతి బావకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను కూడా చెప్పలేదు.

అక్క గెలిచింది. పక్క బల్ల దగ్గర ఆడుతున్న ఇంజనీరింగ్ పిల్లలు ఆట ఆపి మరీ చప్పట్లు కొట్టారు. "ఆంటీ, సూపర్!" అన్నారు. బావ తన కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వంకరున్నది" అన్నాడు. పార్లర్ నడిపే భాయ్ దాన్ని బల్ల మీద పెట్టి దొర్లించాడు. అది చక్కగా దొర్లింది. ఆ రోజు బావ బిర్యానీ తింటున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

కొన్ని వారాల తర్వాత అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావకు నడుం నొప్పి పట్టిందిరా. వారం వారం హన్మకొండకు ఫిజియోథెరపీకని పోతాండు. నేనొస్తనంటే వద్దంటాండు. పెద్ద రోగమేమన్న దాస్తాండో ఏమో, ఒకటే ఫికరైతాంది."

"ఇంట్ల ఎట్లుంటాండక్కా?"

"గదే చెప్తాన. డాక్టర్ ఎక్సర్‌సైజు చెప్పిండట. బల్ల మీద నిమ్మకాయలు పెట్టుకొని, బూజు కర్ర పట్టుకొని వంగుతాండు. ఒక కన్ను మూసుకుంటాండు. నడుం నొప్పికి కన్నెందుకు మూసుకోవాలెరా?"

నాకు విషయం అర్థమైంది. నవ్వు ఆపుకుని, "నేను చూసొస్తలే" అన్నాను. బావ హన్మకొండ వచ్చే రోజున ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున్నే పార్లర్‌కు వెళ్ళాను. మూల బల్ల దగ్గర ఉన్నాడు. చేతులకూ చొక్కాకూ కర్ర కొనకు రాసే నీలం చాక్ అంటుకుని ఉంది. నన్ను చూడగానే కర్రను వెనక దాచబోయాడు. అంత పొడుగు కర్ర ఎక్కడ దాగుతుంది?

"నువ్వేందిరా ఈడ? ఆఫీసు లేదా?"

"నీ ఫిజియోథెరపీ ఎట్ల నడుస్తాందో చూద్దామని వచ్చిన బావా."

"మీ అక్కకు చెప్పినవనుకో, మల్ల నీతోని మాట్లాడ."

ఇదంతా ఎందుకని అడిగాను. దుకాణంలో కూర్చుని కూర్చుని ఒళ్ళు బిగుసుకుపోతోందన్నాడు. ఏకాగ్రత పెరుగుతుందన్నాడు. భాయ్ బంతులు సర్దుతూ, "అందరు మొదాలు గిదే చెప్తరు సార్. ఎవ్వల చేతుల ఓడిపోయిన్రో జర ఆగి చెప్తరు" అన్నాడు. బావ విననట్టే చాక్ రాసుకున్నాడు.

అక్కకు ఫోన్ చేసి రోగమేమీ లేదని, మంచి డాక్టరే దొరికాడని చెప్పాను. కానీ ఆమె ఊరుకునే మనిషి కాదు. వాతం వల్లే నడుం నొప్పని ఎవరో చెప్తే ఇంట్లో పథ్యం మొదలుపెట్టింది. మటన్ బంద్. వంకాయ బంద్. పొద్దున లేవగానే వేడి నువ్వుల నూనెతో మర్దన. మటన్ లేని ఆదివారాన్ని ఆదివారమని ఒప్పుకోని మనిషి మా బావ. ఒక్క నిజం చెప్తే ముక్కలు మళ్ళీ కంచంలోకి వచ్చేవి. ఆయన చెప్పలేదు. బీరకాయ కూర తిని వచ్చి కర్ర అందుకునేవాడు.

"చెప్పెయ్యరాదు బావా, ఎందుకీ తిప్పలు?" అన్నాను ఒకసారి.

"ఇంక కొన్ని దినాలు ఓర్సుకోవాలె బామ్మర్దీ. తెల్ల బంతి పోయి తాకంగనే దాన్ని వెనుకకు గుంజుడొక్కటి రావాలె, అంతే."

మొదట్లో ఆయన కొడితే తెల్ల బంతి బల్ల దాటి కుర్చీల కిందికి పోయేది. మెల్లమెల్లగా బల్ల మీద నిలిచింది. తర్వాత అది ఎక్కడ ఆగాలో ఆయనే చెప్పడం మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా ఆడుతున్న నన్ను ఒక రోజు ఆటంతా కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కడే బంతులన్నీ వేసేశాడు. ఆ మరునాడే నడుం నొప్పి పూర్తిగా తగ్గిపోయిందని ఇంట్లో ప్రకటించి, బిర్యానీ తిందామని అక్కను వెంటబెట్టుకొచ్చాడు.

ఈసారి హోటల్‌లో చోటుంది. అయినా బావ, "ఆకలి కానియ్యి, జరసేపు కింద ఆడుకుందాం" అన్నాడు. మేం లోపల అడుగు పెట్టామో లేదో భాయ్ లేచాడు.

"ఆయియే సేఠ్! మీ కర్ర పక్కకు పెట్టిన."

అక్క భాయ్‌ని చూసింది, బావను చూసింది, చివరికి నన్ను చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. బావ బల్ల మీదికి వంగి ఒక కన్ను మూశాడు.

"ఓహో, గిదా ఎక్సర్‌సైజు?" అని అక్క కర్ర తీసుకుంది.

అక్క బాగానే ఆడింది. కానీ బావ ఆ రోజు వేరే మనిషి. చివరికి నల్ల బంతి కూడా గుంతలో పడింది, తెల్ల బంతి చెప్పినట్టు విని వెనక్కి వచ్చి ఆగింది. బావ నడుం నిటారుగా చేసుకుని చప్పట్ల కోసం చుట్టూ చూశాడు. కాలేజీ పిల్లలకు పరీక్షల రోజులు, మిగతా బల్లలన్నీ ఖాళీ.

"మంచిగనే ఆడినవ్" అంది అక్క. "గని ఎంత నువ్వుల నూనె కరాబైందో ఎర్కనా నీకు? పా పైకి."

హోటల్‌లో మా ఇద్దరికీ మటన్ బిర్యానీ చెప్పి, ఆయనకు పెరుగన్నం చెప్పింది. "డాక్టర్ ఒప్పుకుంటెనే మటన్. కిందనే ఉన్నడు కదా, పోయి అడిగిరా" అంది. బావ పోలేదు. మా ప్లేట్ల వైపు చూస్తూ ఆ పెరుగన్నమే తిన్నాడు. అయినా మొహం వెలిగిపోతూనే ఉంది.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. అటూ ఇటూ మాట్లాడి, ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "తమ్మీ, తెల్ల బంతి వెనుకకెట్ల వస్తదిరా?"

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి ఇద్దరూ కలిసే వస్తున్నారు. ఓడినవాళ్ళు వర్ధన్నపేట చేరేదాకా మాట్లాడరట. పై వారం మాత్రం వాళ్ళే ముందు తయారవుతారట. నా ఆట ఎక్కడిది అక్కడే ఉంది. ఎందుకు పెరగడం లేదని భాయ్‌ని అడిగితే, "పెండ్లి చేస్కోండ్రి సార్" అన్నాడు. అక్క కూడా ఎన్నాళ్ళ నుంచో అదే మాట అంటోంది, కాకపోతే ఆమె చెప్పే కారణాలు వేరు.