రేకు దగ్గర ఆగే బ్యాటు

"మళ్ళా ఆపినావు! బంతి తగిలినాక బ్యాటు భుజం దాకా తిరగల్లని సార్ చెప్పలేదా?"

"తిప్పుతానే ఉండా కదవ్వా!"

"యాడ తిప్పినావు? గుంజకు కట్టేసినట్టు నడిమధ్యలో నిలబెడతాండావు. రేపు కుప్పంలో ఇట్లే కొడితే ఇంటికి పొమ్మంటారు."

"నువ్వే కదా ఆపమనింది! రెండేండ్లుగా రేకు, రేకు అని అరిసింది ఎవురు?"

నా మనవరాలు తొమ్మిదో తరగతి. బడిలో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. మరునాడు కుప్పంలో జిల్లా జట్టుకు ఎంపిక. పోయినేడాది ఇదే ఎంపికకు మదనపల్లె వెళ్ళి ఏడుస్తూ తిరిగొచ్చింది. ఈసారీ రాకపోతే బ్యాటు బడిలో ఇచ్చేసి ఆట మానేస్తానని వారం నుంచి అంటోంది.

నేను చదివింది మూడో తరగతి. ఆ ఆట నియమాలు నాకు ఇప్పటికీ తెలియవు. కానీ పుంగనూరు బడి మైదానంలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చుని, పీఈటీ సార్ చెప్పేదంతా విన్నాను. ముందు కాలు, తర్వాత నడుము, ఆఖరున చేతులు. పారతో మన్ను ఎత్తి పక్కకు విసిరేవాళ్ళకు అది ఒకరు చెప్పక్కర్లేదు. మనవరాలి చేతులు ముందే పరుగెత్తుతుంటే, పార ఇచ్చి పేడకుప్పను ఈ పక్క నుంచి ఆ పక్కకు వేయించాను. పది రోజుల్లో నడుము తిరిగింది. "ఎవురమ్మా నేర్పించింది?" అని సార్ అడిగారట. ఆ మాట వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను.

బ్యాటు ఆగిపోవడం ఎవరి పనో మాత్రం ఆలోచించలేదు. మంచి బంతి ఎందుకు పాడుచేయడమని, పాతచీర గుడ్డలతో బంతి చుట్టి జామకొమ్మకు వేలాడదీసింది నేనే. దానికి బారెడు దూరంలో ఆవుల కొట్టానికి చాటుగా నిలబెట్టిన సిమెంటు రేకు. బ్యాటు ఎత్తితే చాలు, "మెల్లగా, రేకు!" అని కేకేసేదాన్ని. తగలగానే ఆపితే మెచ్చుకునేదాన్ని.

"ఇంగ అరవనులే, కొట్టు," అన్నాను.

కొట్టింది. ఆగింది. చుట్టుపక్కల తగిలేదేదీ ఉండకూడదని పాల క్యాన్లు లోపల పెట్టాను. ఆవును తీసుకెళ్ళి రోడ్డు పక్కన కట్టేశాను. మళ్ళీ ఆగింది. పొద్దు దిగుతోంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను.

"కండ్లు రేకు మీదికే పోతాండాయి అవ్వా. నేనేం చేసేది?"

బ్యాటు లాక్కున్నాను. కాలు, నడుము, చేతులు. రేకు మూల విరిగి కొట్టంలో పడింది.

"అవ్వా! నీకేమన్నా దెయ్యం పట్టిందా? నాయనొచ్చి అడిగితే?"

"అవ్వ కొట్టిందని చెప్పు. ఇంగ పగిలేదానికి ఏముండాది? కొట్టు."

నవ్వుతూనే కొట్టింది. ఆగింది. చీకటి పడేలోగా బ్యాటు భుజం దాకా వచ్చింది ఒక్కసారే.

తెల్లవారి మొదటి బస్సుకు వి.కోట మీదుగా కుప్పం వెళ్ళాం. ఒక్కొక్కరికి పది బంతులు వేశారు. మొదటి మూడింటికీ మా పాప బ్యాటు నడిమధ్యలోనే ఆగింది. నాలుగోదానికి భుజం దాకా తిరిగింది. బంతి మైదానం గోడ దాటింది. మిగిలిన ఆరింటిలో ఇంకో రెండుసార్లు ఆగింది. నేను గోడ అవతలికి వెళ్ళి, ముళ్ళకంపలో వెతికి ఆ బంతి తెచ్చిచ్చాను. అప్పటికి ఎంపికైనవాళ్ళ పేర్లు చదువుతున్నారు. మా పాప పేరు అందరికన్నా ఆఖరున చదివారు.